అప్‌డేట్: ‘ట్విస్టర్స్’ తర్వాత పాత ‘ట్విస్టర్’ మళ్లీ చూశాను

టోర్నడోల (భీకరమైన సుడిగాలుల) మీద తీసిన హాలీవుడ్ సినిమా ‘ట్విస్టర్స్’ (2024) చూశాక, 1996 నాటి ‘ట్విస్టర్’లో సైన్స్ ఎంతవరకు నిలబడుతుందని అడిగాను కదా. మళ్లీ చూశాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పాత సినిమాలో టోర్నడోని కొలవడానికి దాని దారిలో పెట్టే సెన్సర్ల డబ్బా ‘డోరతీ’ వట్టి కల్పన కాదు. 1980లలో అమెరికా శాస్త్రజ్ఞులు టోర్నడో దారిలో పెట్టాలని ప్రయత్నించిన ‘టోటో’ అనే పరికరం దానికి మూలం. 1984లో బలహీనమైన టోర్నడో పక్కనుంచి తాకితేనే టోటో పడిపోయింది, గరిమనాభి (బరువు కేంద్రం) ఎత్తులో ఉండటం వల్ల. సినిమాలో డోరతీ బోల్తా పడటం అందుకే నమ్మబుద్ధేస్తుంది.

వంతెన కింద దాక్కునే సీన్ మాత్రం ప్రమాదకరం, దయచేసి అనుకరించకండి. ఇరుకు సందులో గాలి వేగం పెరుగుతుంది, శిథిలాలు ఈటెల్లా దూసుకొస్తాయి. 1999 మే 3న ఓక్లహోమాలో ఓవర్‌పాస్‌ల (రోడ్డు మీదుగా వెళ్లే వంతెనల) కింద ప్రాణాలు పోయాయి. కొత్త సినిమా మొదట్లోనే ఈ సంగతి సూటిగా చూపించింది, చాలా మంచి పని. పాత సినిమా చివర్లో బెల్టులతో పైపుకి కట్టుకోవడమూ ప్రమాదమే: గాలి వదిలినా ఎగిరొచ్చే రేకులు వదలవు.

రెండు సినిమాల్లోని టోర్నడో తీవ్రత రేటింగులు నేరుగా పోల్చకండి. పాత కొలమానంలో అత్యంత తీవ్రమైన ఎఫ్5, గాలి వేగం గంటకు సుమారు 419 కిలోమీటర్ల దగ్గర మొదలయ్యేది. 2007 నుంచి వాడుతున్న కొత్త కొలమానంలోని ఈఎఫ్5కి 322 దాటితే చాలు.

కొత్త సినిమాలోలా, డైపర్లలో వాడే పాలిమర్ (నీటిని పీల్చే పొడి)తో టోర్నడోని ఆపడమా? నీటిని పీల్చడం నిజమే కానీ, మేఘంలోని తేమ ముందు ట్రక్కులో పట్టేంత పొడి ఏ మూలకూ చాలదు.