ఆర్మెన్ గారో 1914లో రష్యా వైపు వెళ్ళడం తప్పా, కాదా?

కృష్ణాతీరం:
ఆటోమన్ (టర్కీ) సామ్రాజ్య పార్లమెంటులో తూర్పు ఊరు ఎర్జురుమ్ ఎంపీగా పనిచేసిన ఆర్మేనియన్, మొదటి ప్రపంచ యుద్ధం రాగానే అప్పట్లో రష్యా కింద ఉన్న టిఫ్లిస్ (ఇప్పటి త్బిలిసి) వెళ్ళి శత్రువైన రష్యా సైన్యం పక్కన ఆర్మేనియన్ వాలంటీర్ దళంలో చేరాడు. దీన్ని ద్రోహం అనక ఏమనాలి? దుందుడుకు ఈయనకి కొత్త కాదు. 1896 ఆగస్టు 26న ఇస్తాంబుల్‌లో ఆటోమన్ బ్యాంకును పట్టుకున్న గుంపులో ఉన్నాడు, నాయకుడు చనిపోతే తనే పగ్గాలు తీసుకున్నాడు. చివరికి బేరం కుదిరి వీళ్ళు ఓడెక్కి మార్సే చేరారు. ఊళ్ళో మిగిలిన మామూలు ఆర్మేనియన్లు మాత్రం వేలల్లో చచ్చారు.

పాతపేజీ:
ఊచకోతలు బ్యాంకుతో మొదలవలేదండీ. సుల్తాన్ అబ్దుల్ హమీద్ ఏలుబడిలో 1894 నుంచే తూర్పు జిల్లాల్లో జరుగుతున్నాయి, యూరప్ దేశాలు కలగజేసుకోవాలనే కదా బ్యాంకులో దూరింది! పైగా ఆయన ఎంపీ పదవి 1912లోనే అయిపోయింది.

కృష్ణాతీరం:
పదవి పోతే బాధ్యత కూడా పోతుందా? 1914 వేసవిలో గారో సొంత పార్టీ, ఆర్మేనియన్ల దష్నాక్ పార్టీ మహాసభ ఎర్జురుమ్‌లోనే జరిగింది. రష్యాలోని ఆర్మేనియన్లను తిరగబడేలా చేయండని అప్పటి ఆటోమన్ పాలకులైన యంగ్ టర్కుల మనుషులు వచ్చి అడిగితే పార్టీ ఒప్పుకోలేదు, ఎక్కడివాళ్ళు అక్కడి పౌరులుగా నడుచుకుంటారంది. అంత జాగ్రత్తగా చెప్పాక ఈయన చేసిందేంటి? నవంబరులో దళ నాయకుడు ద్రో గాయపడితే రెండో వాలంటీర్ దళాన్నే నడిపించాడు.

గోంగూర పచ్చడి:
మరి క్రికోర్ జోహ్రాబ్ ఏం చేశాడు బ్రో? లాయరు, రచయిత, అప్పటికీ ఎంపీయే, హోం మంత్రి తలాత్‌కి బాగా తెలిసినవాడు. రష్యా వైపు వెళ్ళలేదు, ఇస్తాంబుల్‌లోనే ఉన్నాడు. 1915లో ఆయన్నీ ఇంకో ఎంపీ వార్త్‌కెస్‌నీ అరెస్టు చేసి, దియార్‌బకిర్‌లో విచారణ అని తీసుకెళ్తూ ఉర్ఫా దగ్గర చంపేశారు. ఆటోమన్ సైన్యంలోనే పనిచేస్తున్న ఆర్మేనియన్ కుర్రాళ్ళ తుపాకులు లాక్కుని, కూలి దళాల్లో పడేసి చంపారు. విధేయంగా ఉన్నవాళ్ళకి దక్కింది ఇదీ.

పాతపేజీ:
అదే నేననేది. గారో కదలకుండా ఇంట్లో కూర్చున్నా ఆర్మేనియన్లని చంపడానికి ఆటోమన్ ప్రభుత్వానికి ఇంకో సాకు దొరికేది.

కృష్ణాతీరం:
చంపినవాళ్ళది నేరం, అందులో నాకు అనుమానం లేదు. ద్రోహం అన్న మాట కూడా పక్కన పెడదాం. కానీ జోహ్రాబ్‌ని చంపినంత మాత్రాన గారో లెక్క సరైందైపోదు. సరిహద్దుకి ఇవతల లక్షల మంది తనవాళ్ళు ఆటోమన్ చేతుల్లో ఉండగా, వాళ్ళకి కాపలా ఏంటో ఆలోచించకుండా అవతల దళం కట్టడమే నాకు మింగుడుపడటం లేదు. 1915 మేలో రష్యా సైన్యం ఆటోమన్ తూర్పు ఊరు వాన్‌కి వచ్చింది, వేసవి దాటకుండానే వెనక్కి తగ్గింది, దాన్ని నమ్ముకున్న ఆర్మేనియన్ జనం ఇళ్ళు వదిలి దాని వెనకే పరుగెత్తారు. దీనికి జవాబు చెప్పండి.