వ్యానులో బాడీ కంట్రోల్ మాడ్యూల్ మార్చాలంటున్నారు: మార్చే ముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న – వ్యాను యజమాని, గుంటూరు

నమస్కారం. విజయవాడ వన్‌టౌన్ నుంచి బట్టల బేళ్లు తెచ్చి గుంటూరు, తెనాలి దుకాణాలకు చేరవేసే డీజిల్ వ్యాను ఒకటి మాకు ఉంది. వానలు మొదలైనప్పటి నుంచి దానిలో ఒకదానితో ఒకటి పొంతన లేని లోపాలు కనిపిస్తున్నాయి. తాళం తిప్పగానే వైపర్లు వాటంతట అవే ఒకసారి ఆడుతున్నాయి. బండి నడుస్తుండగానే తలుపుల లాకులు పడి లేస్తున్నాయి. ఎడమవైపు ఇండికేటర్ మామూలు కంటే వేగంగా వెలిగి ఆరుతోంది. రాత్రి నిలిపిన బండికి తెల్లవారేసరికి బ్యాటరీ దిగిపోతోంది. అన్నిటికంటే భయం కలిగించినది, కాజ టోల్‌గేటు దాటిన తరువాత హైవే మీద హెడ్‌లైట్లు రెండూ ఆరిపోయి, కొన్ని క్షణాలకు మళ్లీ వెలగడం.

సర్వీసు కేంద్రంలో బండిలో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టి చూసి, యు0140 అనే కోడు వచ్చిందని, లైట్లు, వైపర్లు, లాకులను నడిపే పెట్టె అయిన బాడీ కంట్రోల్ మాడ్యూల్ చెడిపోయినందున కొత్తది తెప్పించాలని చెప్పారు. విజయవాడ ఆటోనగర్‌లో మరొకరు, విప్పిన బండిలోని పాత మాడ్యూల్‌ను చాలా తక్కువ ధరకు ఇస్తామంటున్నారు. ఆ కోడు ఒక్కదానిని నమ్మి మాడ్యూల్ మార్చవచ్చునా? పాతది వేస్తే పనిచేస్తుందా? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు – ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

ఆ కోడును బట్టి మాడ్యూల్ చెడిపోయిందని నిర్ధారించకండి. యు0140 అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ నుంచి సమాచారం అందడం లేదని బండిలోని ఇతర మాడ్యూళ్లు నమోదు చేసుకున్న మాట. పక్కింట్లోంచి పలుకు లేదని పొరుగువారు చెప్పడం వంటిది అది. లోపల మనిషికి జబ్బా, లేక తలుపుకు బయట గొళ్లెం పడిందా అన్నది వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. మాడ్యూల్‌కు కరెంటు సరిగా అందకపోయినా, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే బిగింపు) వదులైనా, సమాచారం మోసే రెండు వైర్లలో ఒకటి తెగినా ఇదే కోడు వస్తుంది.

ముందుగా బ్యాటరీని చూడండి. బండి ఆపి కొన్ని గంటలు ఉంచిన తరువాత 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపాలి. మాడ్యూల్‌కు సాధారణంగా ఒకటి కంటే ఎక్కువ ఫ్యూజుల ద్వారా కరెంటు వస్తుంది కనుక, వైరింగ్ పటం దగ్గర పెట్టుకొని వాటన్నిటినీ పరీక్షించాలి. ఫ్యూజు కంటికి బాగున్నంత మాత్రాన సరిపోదు, దాని రెండు వైపులా మీటరు పట్టాలి.

నా అనుభవంలో ఎక్కువమంది విడిచిపెట్టే పరీక్ష ఎర్త్‌ది. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయరు అన్నీ వేసి ఉంచి, మాడ్యూల్ ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది, 0.2 దాటితే ఎర్త్ బిగింపు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి. ఎర్త్ సరిగా లేనప్పుడు కరెంటు వేరే సర్క్యూట్ గుండా వెనక్కు వెళ్లే దారి వెతుక్కుంటుంది. అందువల్లనే ఒకటి వేస్తే మరొకటి పనిచేయడం, లాకులు వాటంతట అవే ఆడడం వంటివి జరుగుతాయి.

తరువాత బ్యాటరీ నెగటివ్ తీసివేసి, స్కానర్ పెట్టే సాకెట్‌లో 6వ, 14వ పిన్నుల మధ్య నిరోధం కొలవండి. ఆ రెండు వైర్ల చివర్లలో ఒక్కొక్కటి 120 ఓములు ఉంటుంది కనుక రెండూ కలిసి 60 ఓములు చూపాలి. 120 చూపితే ఎక్కడో ఒక చివర తెగిందని, సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లు ఒకదానికొకటి తగిలాయని అర్థం. కొన్ని వ్యాన్లలో ఆ సాకెట్‌కూ బాడీ వైరింగ్‌కూ మధ్య గేట్‌వే, అంటే సమాచారాన్ని అటూ ఇటూ అందించే మరో మాడ్యూల్ ఉంటుంది. అటువంటి బండిలో ఈ కొలత సాకెట్ దగ్గర కాక మాడ్యూల్ కనెక్టర్ దగ్గరే చేయాలి.

వేగంగా ఆడే ఇండికేటర్ వేరే సంగతి కావచ్చు. ఎడమవైపు బల్బు ఒకటి మాడిపోయినా, 21 వాట్ల బల్బు స్థానంలో ఎల్‌ఈడీ పెట్టినా, కరెంటు తగ్గిన సంగతి గమనించి మాడ్యూలే ఆ విధంగా హెచ్చరిస్తుంది. బయట బిగించిన మ్యూజిక్ సిస్టమ్, జీపీఎస్ పరికరం, అదనపు హారన్ వంటివి ఉంటే పరీక్ష పూర్తయ్యే వరకు వాటిని విడదీసి ఉంచండి.

జవాబు – రెండు వ్యాన్ల యజమాని, తెనాలి

పాత మాడ్యూల్ అనగానే పనికిరాదని నేను అనను. మా వ్యాను ఒకదానిలో అదే వేయించాము, ఇప్పటికీ నడుస్తోంది. అయితే మీద అతికించిన నంబరు అక్షరం పొల్లుపోకుండా కలిసినదే తీసుకున్నాము. చూడడానికి ఒకే పెట్టెలా ఉన్నా, వెనుక వైపర్ ఉన్న బండికి, లేని బండికి, పవర్ విండోలు ఉన్నదానికి, లేనిదానికి లోపలి ప్రోగ్రాము వేరుగా ఉంటుంది. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజనును స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా ఆ మాడ్యూల్‌లోనే ఉంటే, అది పాత బండి తాళంలోని చిప్‌ను గుర్తుపెట్టుకొని ఉంటుంది కనుక మీ తాళంతో ఇంజను స్టార్ట్ కాదు. మా దానికి, చెడిపోయిన మా సొంత మాడ్యూల్‌లోని మెమరీ చిప్ సమాచారాన్ని చదివి, కొన్న పాతదానిలోకి ఎక్కించే నిపుణుడు దొరికినందువల్లనే పని జరిగింది. ఆ పని చేయగలవారు ఎవరో తెలుసుకున్న తరువాతనే డబ్బు కట్టండి.

మరొక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ వైపు ఎన్నో వాహనాలు నీట మునిగాయి. మీకిచ్చే మాడ్యూల్ అటువంటి బండిలోదేమో అడిగి, పెట్టె మూత తెరిపించి చూడండి.

ప్రశ్నించినవారు – గుంటూరు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. చెప్పిన క్రమంలోనే పరీక్షలు చేయించాము. ఎర్త్ దగ్గర తేడా 0.1 వోల్టు లోపే ఉంది, ఫ్యూజులు బాగున్నాయి, 60 ఓములు సరిగా చూపింది. ఇండికేటర్ సంగతి మీరన్నట్టే వెనుక బల్బు మాడినందువల్ల వచ్చినది. కానీ డాష్‌బోర్డు కింద మాడ్యూల్ కనెక్టర్ విప్పితే రెండు పిన్నులకు పచ్చని చిలుము పట్టి ఉంది, కింద కార్పెట్ తడిగా ఉంది. అద్దం కింద వాననీరు పోయే సందులో ఆకులు పేరుకొని, నీరు లోపలికి దిగుతోందని తేలింది. మాడ్యూల్ మూత తెరిచి చూస్తే బోర్డు మీద తెల్లని పొడి, ఒకచోట కరిగిపోయిన రాగి గీత కనిపించాయి. దీనిని శుభ్రం చేయించి వాడుకోవచ్చునా, లేక కొత్తదే వేయించాలా?

జవాబు – ఆటో ఎలక్ట్రీషియన్, విజయవాడ

శుభ్రం చేస్తే కొంతకాలం పనిచేయవచ్చు. అయినా రాగి గీత కరిగిన బోర్డు చేతిలో హైవే మీద హెడ్‌లైట్లు పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ సమయంలో వెనుక లారీ ఉందనుకోండి, ఆ కొన్ని క్షణాలే ప్రాణం మీదికి తెస్తాయి. కొత్తదే వేయించండి. పాతదానిని మాత్రం పారవేయకండి. స్కానర్‌తో అది ఇంకా మాట్లాడుతుంటే, విప్పే ముందే అందులోని బండి వివరాలను చదివించి భద్రపరచాలి. కొత్తదానిలో అవే ఎక్కించాలి.

నీటి దారి మూయకుండా కొత్త మాడ్యూల్ బిగించవద్దు. ఆకులు తీసి, పైనుంచి నీళ్లు పోసి, లోపల చుక్క పడడం లేదని చూసుకోండి. చిలుము పట్టిన పిన్నులను గీకి సరిపెట్టవద్దు, ఆ టెర్మినళ్లు మార్చాలి. చిలుము కొన్నిసార్లు వైరు లోపలి తీగల వెంట కూడా పాకుతుంది కనుక, తొడుగు కొంచెం వెనక్కు ఒలిచి రాగి ఎర్రగా కనిపించే చోటి నుంచి అతుకు వేయించండి.

బిగించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు తీసి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు కనెక్టర్లు విప్పాలి. ప్రోగ్రాము ఎక్కించేటంత సేపూ బ్యాటరీకి స్థిరమైన వోల్టేజీ ఇచ్చే సపోర్టు పెట్టమనండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త మాడ్యూల్ కూడా పనికిరాకుండా పోవచ్చు. మీ దగ్గరున్న తాళాలన్నీ, ఆర్‌సీ తీసుకొని వెళ్లండి. చాలా బండ్లలో ఆ రోజు జత చేయని తాళం ఆ తరువాత బండిని స్టార్ట్ చేయదు.

పని పూర్తయిన తరువాత లైట్లు, వైపర్లు, లాకులు, కిటికీలు ఒక్కొక్కటిగా పనిచేయించి చూసుకోండి. చివరగా బ్యాటరీ దిగే సమస్య తీరిందో లేదో తేల్చుకోవాలి. అమ్మీటరును బ్యాటరీ నెగటివ్‌కూ దాని నుంచి విప్పిన వైరుకూ మధ్య వరుసలో కలిపి, తలుపులు లాకు చేసి, అరగంట ఆగిన తరువాత చూడండి. బండిలోని మాడ్యూళ్లన్నీ నిద్రలోకి వెళ్లాక కరెంటు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. ఒక ఆంపియరు పోతున్నా పన్నెండు గంటల రాత్రిలో 12 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి, కొన్ని రోజులు నిలిపితే బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఎక్కువ చూపితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఏది తీసినప్పుడు తగ్గిందో గుర్తించి, ఆ సర్క్యూట్ పేరు ఇక్కడ రాయండి.