క్లచ్ కవర్ స్టార్ స్క్రూల తలలు అరిగాయి: ఉలి పెట్టొచ్చా, పెట్టకూడదా?

అనంత_టూస్ట్రోక్
ధర్మవరం వైపు ఒక పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నాను. 1996తోనే తయారీ ఆగిపోయిన బండి కాబట్టి ఈ ఇంజన్‌కు ఎన్ని చేతులు తగిలాయో దేవుడికే ఎరుక. క్లచ్ ప్లేట్లు మార్చాలని కుడివైపు కవర్ విప్పబోతే మూడు స్టార్ స్క్రూల (తల మీద ప్లస్ గాడి ఉండేవి) తలలు ముందే గుండ్రంగా అరిగి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ లోపల గిర్రున తిరుగుతోంది కానీ పట్టడం లేదు. మా వీధి మెకానిక్ "ఉలి పెట్టి రెండు దెబ్బలేస్తే వస్తాయి" అంటాడు. లేత్ షాపు ఆయన "ఉలి పెడితే కవర్ పగులుతుంది, డ్రిల్ చేద్దాం" అంటాడు. ఇద్దరూ చేయి తిరిగినవాళ్లే. ఎవరి మాట వినాలి?

కర్నూలు_షెడ్డు
ఉలికే నా ఓటు. తల అంచున చిన్న గాటు పెట్టి, ఉలిని వాల్చి, స్క్రూ ఎడమవైపు తిరిగేలా కొట్టాలి. సగం తిరిగిందంటే మిగతాది వేళ్లతోనే వస్తుంది. షెడ్డు ముందు బండ్లు వరుసలో ఉంటే ఒక్కో స్క్రూకు పూజ చేస్తూ కూర్చోలేం కదప్పా.

కడప_లేత్‌మెషీన్
అన్నా, ఉలితో రాదని నేను అనను. వస్తుంది. ఆ దెబ్బ ఎక్కడ పడుతుందన్నదే నా బాధ. స్క్రూ ఇనుముది, కవర్ అల్యూమినియంది. పక్క నుంచి కొట్టిన దెబ్బలో కొంత స్క్రూ చుట్టూ ఉన్న అల్యూమినియం మీదే పడుతుంది. ఉలి జారితే ప్యాకింగ్ కూర్చునే అంచుకు గాటు. ఆ తర్వాత ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా అక్కడ గేర్ ఆయిల్ చెమ్మ కారుతూనే ఉంటుంది.

అసలు ఈ తలలు ఎందుకు అరుగుతాయో ఎవరూ చెప్పడం లేదు. ఆ స్క్రూలు 6 ఎంఎంవి. వాటికి 3వ నంబర్ స్టార్ బిట్ కావాలి. మనవాళ్ల చేతిలో ఎప్పుడూ ఉండేది 2వ నంబర్. అది గాడిలో వదులుగా కూర్చుని, బలం పెట్టగానే పైకెక్కి అంచులు కొరికేస్తుంది. పైగా జపాన్ డిజైన్ బండ్ల స్టార్ గాడి మామూలు ఫిలిప్స్ గాడి కాదు. జేఐఎస్ అని జపాన్ వాళ్ల వేరే కొలత ఉంది. అలాంటి స్క్రూల తల మీద చాలాసార్లు చిన్న చుక్క కనిపిస్తుంది. ఆ బిట్ పెడితే అడుగుదాకా దిగి గట్టిగా పట్టుకుంటుంది. స్క్రూ మొండిది అంటాం గానీ చాలాసార్లు మొండిది మన డబ్బాలోని స్క్రూడ్రైవరే.

కర్నూలు_షెడ్డు
నంబర్ 3 మాట ఒప్పుకుంటా. కానీ అది తల బాగున్నప్పటి మాట. ఇక్కడ తమ్ముడి బండికి తలే లేదు. బిట్ దేన్ని పట్టుకోవాలి?

కడప_లేత్‌మెషీన్
గాడి పూర్తిగా పోకపోతే ఇంకా దారి ఉంది. గుండు సుత్తితో తల మీద నిదానంగా కొడితే చెదిరిన ఇనుము మళ్లీ గాడిలోకి ఒదుగుతుంది. దాని మీద 3వ నంబర్ బిట్ పెట్టి సుత్తితో లోపలికి దించితే కొత్త గాడి పడుతుంది. అప్పుడు ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవర్) తగిలించి ఎడమవైపుకు పెట్టి కొట్టు. సుత్తి దెబ్బకు బిట్ కిందికి నొక్కుకుంటూనే కొంచెం తిరుగుతుంది, పైకి జారే సందే ఉండదు. దెబ్బ నిలువుగా పడుతుంది కాబట్టి తుప్పు పట్టు కూడా వదులుతుంది.

అదీ కాకపోతే డ్రిల్లే. తల నడుమ పంచ్‌తో చుక్క పెట్టి, ముందు సన్న బిట్‌తో, ఆ తర్వాత ఆరున్నర ఎంఎం బిట్‌తో తల మందం వరకే తొలవాలి. తల ఊడి బిట్‌తో పాటు గిరగిరా తిరుగుతుంది. బిగువంతా తల కిందే ఉంటుంది కాబట్టి అది పోగానే కవర్ సులువుగా జరుగుతుంది. కవర్ తీశాక కాడ వేలెడు పైకి నిలబడి ఉంటుంది. వైస్ గ్రిప్‌తో (పట్టు లాక్ అయ్యే పటకారు) పట్టి తిప్పితే చాలు. కాకపోతే క్లచ్ మీద గుడ్డ కప్పకుండా ఆ పని చేయొద్దు.

బుల్లెట్_కడప
ఇంత కథెందుకు, ఆన్‌లైన్‌లో ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు దొరుకుతుంది. స్క్రూలో రంధ్రం వేసి, ఆ ఎదురు మరల పుల్లను దించి తిప్పడమే.

కర్నూలు_షెడ్డు
అది మాత్రం వద్దు సామీ! ఆ సన్నవి లోపల విరిగాయంటే మామూలు డ్రిల్ బిట్టు వాటి మీద జారుతుందే తప్ప దిగదు. ఈ ఒక్క విషయంలో కడప లేత్ అన్న, నేను ఒకే జట్టు.

పెన్నా_గట్టు
వేడి సంగతి ఎవరూ ఎత్తలేదేం? వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. హాట్ ఎయిర్ గన్‌తో స్క్రూ చుట్టూ, నీటి బొట్టు వేస్తే చుయ్‌మనేదాకా కాచి, అప్పుడు తిప్పాలి. ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పులోకి ఇంకే నూనె) వేసి ఉంచితే ఇంకా మేలు.

బుల్లెట్_కడప
మే నెలలో బండిని బయట నిలబెడితే చాలదా? మన ఎండకు స్క్రూలే దిగి నడుచుకుంటూ వస్తాయి.

పెన్నా_గట్టు
నవ్వులాటకు బాగుంది కానీ ఆ వేడి చాలదు. గ్యాస్ మంట మాత్రం పెట్టొద్దు. కిక్ రాడ్డు దగ్గరి ఆయిల్ సీలు మాడిపోతుంది. గన్ పెట్టే ముందు ట్యాంకు దించి పక్కన పెట్టండి, పెట్రోల్ ట్యాపు కట్టేస్తే సరిపోదు.

అనంత_టూస్ట్రోక్
సరే, ముందు వేడి, తర్వాత ఇంపాక్ట్, చివరికి డ్రిల్. అన్నీ వచ్చాక మళ్లీ స్టార్ స్క్రూలే వేయాలా? స్టీల్ అలెన్ బోల్టుల (తలలో ఆరు మూలల గుంట ఉండేవి) సెట్టు వేయమంటున్నారు.

కర్నూలు_షెడ్డు
కళ్లు మూసుకుని అలెన్ వెయ్యి. తర్వాత విప్పేవాడు నీకు దండం పెడతాడు.

కడప_లేత్‌మెషీన్
వెయ్యి గానీ అలెన్ కీ పొడుగుంటే చేతికి బలం తెలియదు. 6 ఎంఎం బోల్టుకు అల్యూమినియంలో సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. అతిగా బిగిస్తే స్టార్ స్క్రూ అయితే తల అరుగుతుంది, అలెన్ అయితే కేసు లోపలి మరలు ఊడొస్తాయి. అప్పుడు హెలికాయిల్ (పోయిన మరల చోట దించే తీగ చుట్ట) కోసం నా దగ్గరికే రావాలి. స్టెయిన్‌లెస్ అయితే మరలకు యాంటీ సీజ్ (పట్టేయకుండా పూసే గ్రీజు లాంటిది) పూయకుండా బిగించొద్దు. లేదంటే అల్యూమినియంతో తెల్ల పొడి కట్టి పట్టేస్తుంది.

పెన్నా_గట్టు
నేనైతే ఒరిజినల్ స్క్రూలే వేస్తా. ఆ బండికి అలెన్ బోల్టులు నాకు నచ్చవు. ఏది వేసినా విప్పేటప్పుడు ఒక అట్ట మీద కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటూ పో. పొడవులు ఒకటి కావు. పొడుగుది పొట్టి రంధ్రంలో దించితే అడుగు తగిలి కేసు చిట్లుతుంది.