ఫంక్ గిటార్ నేర్చుకోవాలంటే ముందు కుడిచెయ్యా, కార్డులా?

లయవాది:
ఫంక్, రిథమ్ అండ్ బ్లూస్ (అమెరికా నల్లజాతీయుల లయప్రధాన సంగీతాలు) గిటార్ నేర్చుకుంటామని వచ్చినవాళ్ల చేతిలో మొదటి పాఠంలోనే కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) పట్టిక పెట్టడం మానేయాలన్నది నా వాదన. సెవెన్త్, నైన్త్, థర్టీన్త్, మైనర్ సెవెన్త్ అని రకాలు, ఒక్కోదానికి వేళ్లు పెట్టే ఆకారాలు నాలుగైదు. విద్యార్థి నెలల తరబడి ఎడమచేతి వేళ్లతో కుస్తీ పడతాడు. తీరా పాట పెట్టి తోడు వాయించమంటే రెండు బార్లు (నాలుగేసి తాళపు దెబ్బల ఖండాలు) కూడా నిలకడగా సాగదు.

నేను చెప్పే పద్ధతిలో ఒకే ఒక్క కార్డు చాలు, ఈ (E) నైన్త్. తీగలను సన్నదాని నుంచి లెక్కపెట్టండి, ఫ్రెట్లంటే గిటార్ మెడ మీది అడ్డగీతలు. ఐదో తీగ ఏడో ఫ్రెట్‌లో మధ్యవేలు, నాలుగో తీగ ఆరో ఫ్రెట్‌లో చూపుడువేలు, సన్న తీగలు మూడింటి మీద ఏడో ఫ్రెట్‌లో ఉంగరపు వేలు అడ్డంగా. ఇక ఎడమచేతికి రెండే పనులు: నొక్కడం, వదలడం. వదిలేటప్పుడు వేళ్లు తీగల మీంచి లేవకూడదు, బరువు మాత్రమే తగ్గాలి. అప్పుడు తీగ మోగకుండా ‘చిక్’ అంటుంది. కుడిచెయ్యి బార్‌కు పదహారు దెబ్బలు, కిందికీ పైకీ, ఆగకుండా వేస్తూనే ఉండాలి. వాటిలో మూడో నాలుగో మోగుతాయి, తక్కినవన్నీ చిక్ చిక్. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో గిటారిస్టు జిమ్మీ నోలెన్‌కు పేరు తెచ్చిన చికెన్ స్క్రాచ్ ఇదే. 1967 నాటి ‘కోల్డ్ స్వెట్’ వినండి. బ్రిడ్జ్ (పాట మధ్యలో మారే భాగం) వచ్చేదాకా కార్డు మారదు. అయినా ఒక్క క్షణం విసుగు పుట్టదు. దాన్ని నడిపేది లయ. నేర్పాల్సింది ముందు దాన్నే.

పన్నెండుబార్లు:
లయవాది గారూ, మీరు 1967 దగ్గర మొదలుపెట్టారు కాబట్టి వాదన గట్టిగా కనిపిస్తోంది. రెండేళ్లు వెనక్కి రండి. ఫంక్‌కు తొలి అడుగుగా చాలామంది చెప్పుకునే ‘పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్’ 1965లో వచ్చింది. దాని కట్టడం అచ్చమైన పన్నెండు బార్ల బ్లూస్ (మూడు కార్డులు పన్నెండు బార్లలో ఒక చుట్టు తిరిగే వరుస). ఆ వరుస పూర్తి కావస్తుండగా బృందమంతా ఆగిపోయి గిటార్ ఒక్కటే గలగలమంటుందే, ఆ చోటు అంత ఊపు ఎందుకిస్తుంది? అప్పటిదాకా నడిచిన వరుస మన చెవిలో ఉంది కాబట్టి.

నోలెన్ కూడా గాలిలోంచి ఊడిపడలేదు. జేమ్స్ బ్రౌన్ దగ్గరకు వచ్చేముందు జానీ ఓటిస్ బృందంలో వాయించాడు, బ్లూస్ గిటారిస్టు టి-బోన్ వాకర్ బాణీ వింటూ పెరిగాడు. నైన్త్ కార్డును పైనుంచి జార్చి దించడం వాకర్ 1940లలోనే బ్లూస్‌లో చేసి చూపించాడు. ఫంక్ గిటార్ వాడుకున్న కార్డు ఆ ఇంటి నుంచి వచ్చిందే.

ఇంకో మాట. రిథమ్ అండ్ బ్లూస్ అంటే ఒక్క జేమ్స్ బ్రౌన్ కాదు. మెంఫిస్‌లో స్టాక్స్ సంస్థ రికార్డుల మీద స్టీవ్ క్రాపర్ రెండే తీగలు పట్టుకుని, ఆరు స్వరాల ఎడంతో జంట స్వరాలు జార్చేవాడు. షికాగోలో కర్టిస్ మేఫీల్డ్ అయితే గిటార్‌ను పియానో నల్లమెట్లకు సరిపడేలా ఎఫ్ షార్ప్ మేజర్‌లో శ్రుతి చేసుకుని, కార్డు చుట్టూ చిన్న చిన్న అలంకారాలు అల్లేవాడు. ఒక్క ఈ నైన్త్‌తో మేఫీల్డ్ పాటకు ఎలా తోడు వాయిస్తారు? ఏ (A) సెవెన్త్, డీ (D) సెవెన్త్, ఈ (E) సెవెన్త్, ఈ మూడింటితో పన్నెండు బార్లు కళ్లు మూసుకుని తిరిగిరాగలిగాకే తక్కిన ముచ్చట్లు.

కొత్తచేతులు:
పెద్దల వాదన మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. లయవాది గారు చెప్పినట్టు ఏడో ఫ్రెట్‌లో ఈ నైన్త్ పట్టి వేళ్లు సడలిస్తే నాకు చిక్ రావడం లేదు. సన్నగా గంట మోగినట్టు శబ్దం వస్తోంది. వేళ్లలోనే లోపమా?

తీగలమోత:
లోపం వేళ్లది కాదండీ, ఆ చోటుది. ఏడో ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా మూడోవంతు దగ్గర ఉంటుంది. అక్కడ తేలిగ్గా తాకితే హార్మోనిక్ మోగుతుంది. అదే మీకు వినిపిస్తున్న గంట. ఐదు, పన్నెండు ఫ్రెట్ల దగ్గరా ఇదే తంటా. చూపుడువేలిని కాస్త వాల్చి సన్న తీగలను కూడా ఆనేలా పెట్టండి. ఒకే తీగను రెండు వేళ్లు రెండుచోట్ల తాకితే గంట ఆగిపోతుంది. లేదా మొత్తం ఆకారాన్ని ఒక ఫ్రెట్ కిందికి, ఈ ఫ్లాట్ (E♭)కు దించండి. 1970లో వచ్చిన ‘సెక్స్ మెషిన్’ ఆ శ్రుతిలోనే ఉంది. అందులో వాయించిన క్యాట్‌ఫిష్ కాలిన్స్ లాగా చిటికెన వేలిని ఎనిమిదో ఫ్రెట్‌లో మొదటి తీగ మీద పెట్టి తీస్తూ ఉంటే నైన్త్ కాస్తా థర్టీన్త్ అయి తిరిగి వస్తుంది. ఒక్క వేలి కదలిక. పాట మొదలైపోతుంది.

మృదంగశ్రోత:
లయవాది గారి పదహారు దెబ్బలు లెక్కపెట్టడానికి ఆంగ్ల అంకెలతో అవస్థ పడేవాళ్లను చాలామందిని చూశాను. మనకు ‘తకధిమి’ ఉంది కదా. నాలుగుసార్లు అంటే ఒక బార్ అయింది. త, ధి కింది దెబ్బలు. క, మి పై దెబ్బలు. మొదటి ‘త’ మీద కార్డు మోగించండి. తర్వాత రెండో తకధిమిలో క, మి రెండూ మోగించి తక్కినవన్నీ చిక్ అనిపించండి. ముందు నోటితో, తర్వాతే గిటార్‌తో.

అయితే కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. మనం పెద్ద ఆవర్తనం తిరిగి, ముక్తాయింపు వేసి సమానికి చేరతాం. ఆ చేరడంలోనే ఆనందం. జేమ్స్ బ్రౌన్ తన వాద్యగాళ్లను ప్రతి బార్‌లోనూ మొదటి దెబ్బ మీద బలంగా దిగమనేవాడు. దిగాక మిగిలిన చోటంతా ఖాళీలతో ఆట. లెక్క తెలిసిన మనవాళ్లు ఆ ఖాళీలను వెంటనే నింపేయాలని చూస్తారు. నింపకుండా ఉండటం సాధన చేయాలి.

బేస్‌తోడు:
డాలస్‌లో వారాంతాల్లో ఒక సోల్ బృందంలో బేస్ గిటార్ వాయిస్తాను. ఇద్దరి వాదనలోనూ తక్కిన వాద్యాల ఊసు లేదు. గిటారిస్టు ఒంటరిగా గదిలో వాయించేటప్పుడు ఐదో తీగ, ఆరో తీగ నిండుగా ఉంటాయి. బృందంలో అవే నా స్వరాల మీద పడి మొత్తం బురదగా వినిపిస్తుంది. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డులకు వాయించిన ఫంక్ బ్రదర్స్‌లో ముగ్గురు గిటారిస్టులు ఉండేవారు. వారిలో జో మెస్సీనా పని చాలా పాటల్లో తాళంలో రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద స్నేర్ డ్రమ్‌తో కలిసి కార్డును ‘చక్’మనిపించడం. ఎంత చిన్న పని! అది తీసేసి ఆ పాటలను ఊహించలేను. నాతో వాయించడానికి వచ్చేవాళ్లను నేను కోరేది ఒక్కటే, లావు తీగలు నాకు వదిలేయండి.

పన్నెండుబార్లు:
బేస్‌తోడు గారు నాకు తెలియకుండానే నా పక్షాన మాట్లాడారు. లావు తీగలు మూడూ వదిలేస్తే ఈ నైన్త్‌లో మిగిలేవి సన్న తీగలు మూడు. వాటి మీద ఏడో ఫ్రెట్‌లో ఉన్న స్వరాలు డీ, ఎఫ్ షార్ప్, బీ. అంటే బీ మైనర్. కింద బేస్ ఈ (E) స్వరం పట్టుకుంటే అది ఈ నైన్త్‌గా వినిపిస్తుంది, బీ పట్టుకుంటే బీ మైనర్ అవుతుంది. చెయ్యి కదపకుండా రెండు కార్డులు! బీ మైనర్ నుంచి ఈ నైన్త్‌కు వెళ్లే పాటలో లయవాది గారి శిష్యుడు కంగారుగా కొత్త ఆకారం వెతుక్కుంటాడు. కార్డు లోపల ఏముందో తెలిసినవాడు అక్కడే ఉండి కుడిచెయ్యి నడుపుతాడు. కార్డులు చదవడం కుడిచేతికి సాయం అన్నది ఇందుకే.

లయవాది:
ఈ బీ మైనర్ సంగతి చక్కగా చెప్పారు, రేపటి నుంచి నా పాఠంలో చేరుస్తాను. 1965 పాట బ్లూస్ కట్టడమన్న మాటా కాదనను. అయినా వరుస విషయంలో నేను కదలను. మీరు చెప్పిన మూడు స్వరాల కిటుకు పనికొచ్చేది పదహారు దెబ్బలు ఆగకుండా నడిచే చేతికే. ఏ సెవెన్త్ నుంచి డీ సెవెన్త్‌కు మారేటప్పుడు కొత్తవాళ్ల కుడిచెయ్యి ఎక్కడ ఆగుతుందో గమనించండి. మార్పుకు ముందున్న ‘మి’ దగ్గర. ఎడమచెయ్యి కోసం కుడిచెయ్యి ఎదురుచూస్తుంది, అక్కడే పాట కుంటుపడుతుంది. నేనైతే ఆ ‘మి’ని చిక్‌గా వదిలేయమంటాను. వేళ్లు ఇంకా కొత్త చోటు చేరకపోయినా సరే, కుడిచెయ్యి మాత్రం ఆగకూడదు. ఇది ఒకే కార్డు మీద అలవాటైతేనే మూడు కార్డుల బ్లూస్‌లో నిలబడుతుంది. మెట్రోనోమ్ (టిక్కుమంటూ లయ చూపే పరికరం) నిమిషానికి 60లో పెట్టి, ముందు కార్డే లేకుండా, ఉత్త చిక్‌లతో పాట లయ వాయించమంటాను. పక్కవాళ్లు ఏ పాటో గుర్తుపడితే రెండో కార్డు ఇస్తాను.

కొత్తచేతులు:
ఈ ఫ్లాట్‌కు దించాక గంట పోయింది, తీగలమోత గారూ. మెట్రోనోమ్ 60లో తకధిమి కూడా కుదురుతోంది. కానీ ‘క’, ‘మి’ వచ్చినప్పుడు పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) తీగలకు తట్టుకుంటోంది.

తీగలమోత:
పిక్ మొన చాలా ఎక్కువ బయట పెట్టి ఉంటారు. వేళ్ల నుంచి కొద్దిగా మాత్రమే కనపడాలి. పట్టు వదులుగా ఉంచి, మోచేతితో కాకుండా మణికట్టుతో తిప్పండి. పలుచటి పిక్ అయితే మొదట్లో ఇంకా సులువు.