అప్‌డేట్: ఉద్యోగంలో ఉండగా రాసుకున్న టూల్ ఎవరిది?

ఖాళీ సమయంలో రాసుకున్న స్టాక్ లెక్కల టూల్‌తో సొంత వ్యాపారం పెట్టొచ్చా, కంపెనీ అడ్డుపడుతుందా అని అడిగాను కదా. తేలిపోయింది, టెన్షన్ తగ్గింది.

ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ చాలా దేశాల్లో యజమానికే చెందుతుందని మీలో కొందరు చెప్పింది నిజమే. నా కాంట్రాక్ట్ ఇంకో అడుగు ముందుకేసింది: కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే సెలవు రోజు రాసినా వాళ్లదేనట! లాయర్ ముందు అడిగింది లాప్‌టాప్ ఎవరిదని. నాదే. గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ తేదీతో సహా దాచే సాధనం) తేదీలన్నీ ఆఫీసు వేళల బయటే ఉండటం కలిసొచ్చింది.

ఒక భాగం మాత్రం ఆఫీసు పనికి దగ్గరగా ఉంది. దాన్ని తీసేసి, కంపెనీ కోడ్ ఎప్పుడూ చూడని స్నేహితుడితో కొత్తగా రాయించాను. కాపీరైట్ రాసిన కోడ్‌కే, ఆలోచనకు కాదు. 1980లలో ఐబీఎం పీసీ బయోస్‌కు (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ప్రత్యామ్నాయాలు తయారైంది ఈ పద్ధతిలోనే. కస్టమర్ల జాబితా జోలికి మాత్రం పోలేదు, అది వ్యాపార రహస్యం కిందికొస్తుంది.

చివరికి టూల్ పేరుతో సహా, దానిపై తమకు హక్కు లేదని కంపెనీ సంతకం చేసిన లేఖ ఇచ్చింది. ఉత్త నోటిమాట అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. రాజీనామా నిన్న ఇచ్చేశాను.