అప్‌డేట్: ఫోన్ లేకుండా ముద్ద మింగని మా బుజ్జిగాడు

రెండు నెలల కిందట అడిగాను కదా, మూడేళ్ల మావాడు ఫోన్ పెడితే తప్ప నోరు తెరవడు, పిలిస్తే పలకడు, రాత్రి పదకొండైనా పడుకోడు అని. ముందు చెవులు చూపించమన్నారు మీరు. చూపించాం, వినికిడి బాగానే ఉంది. ఈ వయసుకి ఫోన్ చూడటం రోజుకి గంట మించొద్దు, అన్నం దగ్గరా పడుకునే ముందూ అసలొద్దు అన్నారు డాక్టరుగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన హద్దూ ఆ గంటేనట.

మొదటి నాలుగు రోజులు నరకం. పప్పన్నం గిన్నె గోడకేసి కొట్టాడు. మా అత్తయ్య "పోనీ ఇచ్చెయ్యమ్మా" అంటూ రెండుసార్లు కరిగిపోయారు (అలవాటు చేసింది నేనే లెండి). ఇప్పుడు పెరట్లో కాకిని చూపిస్తూ తినిపిస్తున్నాం. తొమ్మిదిన్నరకే నిద్ర. నిన్న తనే గిన్నె పట్టుకొచ్చి "కాకికి పెట్టు" అన్నాడు. మాటలింకా తక్కువే, స్పీచ్ థెరపీకి వెళ్తున్నాం.