‘అల్పవనరుల భాష’ అనొచ్చా?

విజయవాడ నుంచి:
ఒక వర్క్‌షాపు కరపత్రాన్ని తెలుగు చేస్తూ ‘లో రిసోర్స్ లాంగ్వేజ్’ (కంప్యూటరుకు పనికొచ్చే రాతలు, రికార్డులు తక్కువున్న భాష) అన్నచోట ‘అల్పవనరుల భాష’ అని రాశాను. ఎరుకల మిత్రుడికి చూపిస్తే మొదటి మాట దగ్గరే ఆగాడు. “మా ఇంట్లో మాట్లాడే కుర్రు అల్పమా అన్నా?” అన్నాడు. కుర్రు అంటే వాళ్ల ఎరుకల భాషే. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చురుక్కుమంది. వేరే మాట ఉంటే చెప్పండి.

తెనాలి నుంచి:
అల్ప శబ్దం పాపం ఏం చేసిందండీ? పొద్దున్నే అల్పాహారం తింటాం. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే గొడుగు వెతుక్కుంటాం. క, చ, ట, త, ప అల్పప్రాణాలు. ఇన్నేళ్లలో ఎవరూ నొచ్చుకోలేదు.

విజయవాడ నుంచి:
అవన్నీ తిండి, గాలి, అక్షరాలు. మనుషుల దగ్గరికొచ్చేసరికి అల్పుడు, అల్పబుద్ధి అంటాం. భాషను అంటే అది మాట్లాడేవాళ్లకే తగులుతుంది కదండీ.

గుంటూరు నుంచి:
నా పేచీ ‘అల్ప’తో కాదు. మాట్లాడేవాళ్లు తక్కువ కావడం వేరు, కంప్యూటరుకు పనికొచ్చే సరుకు తక్కువ కావడం వేరు. రెంటినీ ఒకే మూటలో కడుతున్నాం. 2011 జనాభా లెక్కల్లో సంస్కృతం తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 24,821 మంది. గోండి చెప్పినవాళ్లు దాదాపు 30 లక్షలు. అచ్చు పుస్తకాలు, నిఘంటువులు దేనికి ఎక్కువున్నాయో చెప్పనక్కర్లేదు. తెలుగువాళ్లం 8 కోట్ల పైచిలుకు ఉన్నాం, అయినా కంప్యూటరు పరిశోధకులు చాలాసార్లు తెలుగునూ ఈ గాటనే కడతారు. కాబట్టి ‘చిన్న భాష’ కూడా నప్పదు. కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తుపట్టేందుకు పెట్టుకున్న ఉమ్మడి పట్టిక యూనికోడ్‌లో తెలుగు లిపి 1991 నుంచీ ఉంది, గోండి రాసే లిపుల్లో ఒకటైన గుంజాల గోండికి చోటు దొరికింది 2018లో. ఆ తర్వాతైనా ఫాంటు, కీబోర్డు, రికార్డు చేసిన మాటలు ఎవరో ఒకరు కూర్చోబెట్టి తయారుచేయాల్సిందే. గిడుగు రామమూర్తి గారు సవర భాషకు నిఘంటువు చేసింది అలాగే.

విజయవాడ నుంచి:
ఆ తలల లెక్కలోనూ తిరకాసు ఉంది. ఎరుకల భాషను తమిళం కింద, లంబాడీని హిందీ కింద కలిపి చూపిస్తారు. పదివేల లోపు మంది మాట్లాడేవైతే విడిగా కనిపించనే కనిపించవు. మాట్లాడేవాళ్ల సంగతి చెప్పాల్సినచోట ‘కొద్దిమంది మాట్లాడే భాష’ అని తిన్నగా రాస్తాను. రెండోదానికి, అంటే కంప్యూటరు సరుకు తక్కువైనదానికి, ‘సరంజామా చాలని భాష’ ఎలా ఉంటుంది? పెళ్లికైనా, పొలానికైనా వాడుకునే మాటే.

తెనాలి నుంచి:
సరంజామా పారసీ మాట.

విజయవాడ నుంచి:
దస్తావేజు, జమాబందీ కూడా అక్కణ్ణించి వచ్చినవే, వాటిని ఎవరు కాదంటున్నారు? మిత్రుడికి ఫోన్ చేశాను. ఇది బాగానే ఉందన్నాడు. కుర్రులో సరంజామాను ఏమంటారని అడిగితే అమ్మనడిగి చెబుతానన్నాడు.